చింతగింజల ముడుపు

పసుపు గుడ్డ చూస్తే నాకు రోత. ఇలాంటి మాట ఒక ఇల్లాలు అనకూడదని తెలుసు. ఎవరితోనూ అనలేదు కూడా. గడపకి పసుపు రాసేటప్పుడు, పేరంటంలో ఎవరైనా నా పాదాలు పట్టుకుని పసుపు పూసేటప్పుడు, లేచి వెళ్లి కడుక్కోవాలనిపిస్తుంది. పైకి నవ్వుతూ కూర్చుంటాను. పసుపు ఏం పాపం చేసింది? ఏమీ చేయలేదు. చేసింది నేను. ఆ చేసింది బయటికి చెప్పకుండా ఇన్నేళ్లు దాచాను. బరువు మోశాను అనడానికి కూడా నాకు సిగ్గే. బరువు అంటే ఏదో గౌరవంగా ఉంటుంది. ఇది బీరువా వెనకాల చచ్చిన ఎలుక. ఇల్లంతా కడిగి, అగరొత్తులు వెలిగించి, వచ్చినవాళ్లకి కాఫీలిచ్చి మాట్లాడుతూ ఉంటాం. వాసన మాత్రం మనకి తెలుస్తూనే ఉంటుంది.

మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసినవాళ్లకి చెబితే ఓదారుస్తారు. పోనీలెండి, ఎప్పటి మాటో, అంటారు. ఆ మాట వినడానికి కాదు నేను రాస్తున్నది. మీరు ఏమీ అనకండి. చదవండి, చాలు.

మేం ప్రొద్దుటూరు వైపు వాళ్లం. మా ఆయన హైటెక్ సిటీలో ఒక కంపెనీలో పనిచేసేవాడు. నల్లగండ్లలో ఫ్లాట్ కొనుక్కుని వచ్చినప్పుడు చుట్టూ బండరాళ్లు, తుమ్మచెట్లు, సగం లేచిన అపార్టుమెంట్లు. నేను ఉద్యోగం మానేసి మా పిల్లవాణ్ణి చూసుకుంటూ ఇంట్లో ఉండేదాన్ని. పొద్దు పోయేది కాదు. మా అపార్టుమెంటు పిల్లలకి డబ్బు విలువ తెలియదని, దేవుడంటే భయం అసలే లేదని నా అభిప్రాయం. నాకు రెండూ పుష్కలంగా ఉన్నాయని కూడా నా అభిప్రాయమే. అందుకని ఆదివారం పొద్దున్న కమ్యూనిటీ హాల్లో పిల్లల్ని కూర్చోబెట్టి ఒక క్లాసు మొదలుపెట్టాను. ఒక శ్లోకం, ఒక కథ, ఆ తర్వాత పొదుపు పాఠం.

పాఠం నాది కాదు, మా జేజిది. జేజి అంటే మా నాయనమ్మ. పదిలో ఒకటి స్వామికి తీసిపెట్టు, మిగిలిన తొమ్మిదీ నిన్ను చూసుకుంటాయి, అనేది ఆమె. మా అమ్మ ఊరి నుంచి చింతపండు పంపినప్పుడు వచ్చిన గింజలు ఒక సంచిలో దాచి ఉంచాను. ఒక్కో పిల్లకి పదేసి గింజలిచ్చి, తొమ్మిది ఒక పక్కన, ఒకటి ఒక పక్కన పెట్టించేదాన్ని. ఈ తొమ్మిది మీవి, ఎంత ఖర్చు పెడతారో ఎంత దాస్తారో మీ ఇష్టం. ఈ ఒక్కటి స్వామిది, దీని మీద చెయ్యి వేయకూడదు. ఆ వాక్యం చెప్పేటప్పుడు నా గొంతు తియ్యగా మారేది. ఇప్పటికీ చెవిలో వినిపిస్తుంది ఆ గొంతు. బెల్లప్పాకం కారినట్టు ఉండేది.

లింగంపల్లి మార్కెట్లో డబ్బులు దాచుకునే మట్టి డిబ్బీలు కొని తలా ఒకటి ఇచ్చాను. శ్రావణమాసంలో ఒక ఆదివారం అందరూ తెచ్చి హాల్లో పగలగొట్టారు. స్వామి వాటా తీసి, పసుపులో తడిపి ఆరబెట్టిన గుడ్డల్లో పోసి, మనసులో మొక్కుకుని, ఎవరి ముడుపు వాళ్లే కట్టారు. మొక్కు పైకి చెప్పకూడదని నేర్పాను. ఆ ముడుపులన్నీ ఒక స్టీలు డబ్బాలో పెట్టి నా పూజగదిలో ఉంచాను. ఎండాకాలం మేం ఊరికి వెళ్లినప్పుడు తిరుమల వెళ్లి హుండీలో వేస్తానని చెప్పాను. పిల్లల తల్లిదండ్రులు నన్ను తెగ మెచ్చుకున్నారు. ఇంట్లో మేం చెబితే వినరండీ, మీరు చెబితే వింటారు, అన్నారు.

ఆ పిల్లల్లో మౌనిక ఒకటి. మా వాచ్‌మన్ కిష్టయ్య కూతురు. వాళ్లది పాలమూరు. సెల్లార్లో కరెంటు మీటర్ల పక్కన గదిలో ఉండేవాళ్లు. తల్లి యాదమ్మ మెట్లు ఊడ్చేది. మౌనిక అప్పటికి రెండేళ్ల కిందే సిటీకి వచ్చింది. అంతకుముందు ఊళ్లో అమ్మమ్మ దగ్గర పెరిగింది. మొదట్లో ప్రసాదం కోసం హాలు గుమ్మం దగ్గర నిలబడేది. లోపలికి రా అని పిలిచింది నేనే. పిలిచినందుకు నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. మిగతా పిల్లల డిబ్బీల్లో వాళ్ల నాన్నలు వేసిన నోట్లు. మౌనిక డిబ్బీలో ఇస్త్రీ బట్టలు పై అంతస్తులకి మోసినందుకు ఎవరో ఇచ్చిన రూపాయి, దుకాణం నుంచి పాలు తెచ్చినందుకు ఎవరో వదిలేసిన చిల్లర. పగలగొట్టిన రోజు ఆ పిల్ల తొమ్మిదీ ఒకటీ అని లెక్క పెట్టలేదు. ఉన్నదంతా ముడుపు కట్టేసింది. నీకూ కొంత ఉంచుకోమ్మా అన్నాను. "మొక్కు పెద్దది ఆంటీ" అంది. మిగతా పిల్లలకి చూపించి, చూడండ్రా, భక్తి అంటే ఇదీ, అన్నాను.

ఇక్కడిదాకా రాయడం సులువుగానే ఉంది. ఇక్కడిదాకా నేను మంచిదాన్ని కదా.

మా అపార్టుమెంటు మూలన ఒక చిన్న వినాయకుడి గుడి కడదామని కమిటీ వేశారు. డబ్బులు చూసేది రాజ్యలక్ష్మి గారు, భీమవరం ఆవిడ, మా పై ఫ్లోర్. పెద్ద మొత్తం ఇచ్చినవాళ్ల పేర్లు నల్లరాయి మీద పై వరసలో చెక్కిస్తామన్నారు. మీటింగులో ఎదురు ఫ్లాటు వాళ్లు పై వరసకి చెయ్యెత్తారు. నేనూ ఎత్తాను. ఎందుకు ఎత్తానని మా ఆయన ఇంటికొచ్చి అడిగాడు. దేవుడి పని కదా అన్నాను. దేవుడి పని కాదు. ఎదురింటావిడ చెయ్యి లేచింది, నాది లేవకపోతే ఎట్లా? అంతే.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. ఎప్పుడు బంద్ పిలుపో, ఏ రోడ్డు ఎప్పుడు ఆపుతారో తెలియదు. మా ఆయన ఆఫీసు బస్సు రెండు మూడు సార్లు సగం దారి నుంచి వెనక్కి వచ్చింది. శంకర్‌పల్లి వైపు మాకొక ప్లాటు ఉండేది, అది అమ్మి గుడి డబ్బు కడదామనుకున్నాం. కొంటానన్నతను రాష్ట్రం సంగతి తేలనివ్వండి, చూద్దాం, అని జారుకున్నాడు. వాటా తగ్గించుకో, కింద వరసలో ఉంటే ఏం పోయింది, అన్నాడు మా ఆయన. నాకు పోతుంది. రాజ్యలక్ష్మి గారికి ఫోన్ చేసి తగ్గించండి అని చెప్పడం కంటే చావడం నయం అనిపించింది. ఉన్నది ఊడ్చి పెట్టినా కొంచెం తక్కువ పడింది. ఆ కొంచెం నా పూజగదిలో స్టీలు డబ్బాలో ఉంది.

ఒక మధ్యాహ్నం తలుపు గడియ పెట్టి కూర్చుని ముడుపులన్నీ విప్పాను.

విప్పేటప్పుడు ఏమనుకున్నాను? అబద్ధం చెప్పను, పెద్దగా బాధపడలేదు. స్వామి డబ్బు స్వామికే పోతోంది. వెంకన్న అయితేనేం, వినాయకుడైతేనేం. మళ్లీ కలిపేస్తాను కదా. అత్త సొమ్ము అల్లుడి దానం అని మా ఊళ్లో నవ్వుతారు. ఆ సామెత గుర్తొచ్చింది కూడా. వచ్చినా చేతులు ఆగలేదు. మా వాడి ముడుపుతో మొదలుపెట్టాను, మొదట నా కొడుకుదే తీస్తే తప్పు తగ్గుతుందన్నట్టు. మౌనికది చివర్న. పళ్లతో బిగించినట్టుంది, ఒక పట్టాన రాలేదు. అన్నీ నాణేలు. పసుపు అంటుకుని ముద్దగా ఉన్నాయి. నా వేళ్లు గోళ్ల సందుల దాకా పసుపుపచ్చగా అయ్యాయి.

చిల్లర కమిటీకి ఎట్లా ఇస్తాం? కిరాణా కొట్టుకి తీసుకెళ్లి నోట్లు అడిగాను. కొట్టతను పసుపు చూసి, పూజ డబ్బులా అమ్మా, అని రెండు చేతులా తీసుకుని కళ్లకద్దుకున్నాడు. నేను అవునన్నాను. ఇంటికొచ్చాక ఖాళీ గుడ్డలు కనిపించాయి. పిల్లలు అప్పుడప్పుడూ డబ్బా చూపించమనేవాళ్లు. క్లాసులో లెక్కలకి వాడే చింతగింజల సంచి అక్కడే ఉంది. గింజలు పోసి మళ్లీ కట్టాను. కట్టినాక చూస్తే ముడుపులు ముందుకంటే నిండుగా ఉన్నాయి. బాగానే కుదిరిందే అనుకున్నాను. ఆ అనుకున్నది గుర్తొస్తే ఇప్పటికీ ఎవరో నోట్లో ఉమ్మినట్టు ఉంటుంది.

ఆ తర్వాత కొన్నాళ్లకే సమ్మె వచ్చింది. బస్సులు డిపోల్లోనే ఉండిపోయాయి, బడులు మూతపడ్డాయి. ఊళ్లకి పోవాలంటే జీపులే దిక్కు. వాళ్లు ఎంతంటే అంత.

ఒక సాయంత్రం రాజ్యలక్ష్మి గారు వచ్చింది. రాయి చెక్కేవాడికి ఇవ్వాలి, మీ పేర్లు ఎట్లా రాయించమంటారండీ, ఇంటిపేరు ముందా వెనకా, అని అడగడానికి. కాఫీ ఇచ్చాను. హాల్లో కూర్చున్నాం. అక్కణ్ణించి పూజగది కనిపిస్తుంది, డబ్బా కూడా. అప్పుడు మౌనిక వచ్చింది. మెట్లు ఎక్కి పరిగెత్తుకొచ్చినట్టుంది, గుమ్మం పట్టుకుని నిలబడింది.

"ఆంటీ, మా అమ్మమ్మకు మంచిగ లేదంట. ఫోన్ వచ్చింది. మేము ఊరికి పోతున్నం."

"అయ్యో. ఎప్పుడు?"

"ఇప్పుడే. జీపోడు రెడీగున్నడు. మనిషికి శాన అడుగుతుండు. మా నాయిన దగ్గర ఇద్దరికే ఉన్నయి. నన్ను ఇడిసిపెట్టి పోతమంటుండ్రు." ఊపిరి పీల్చుకుంది. "నా ముడుపుల పైసలున్నయి కద ఆంటీ. నేనే ఏసిన. జర ఇయ్యరా? మల్ల కడ్త, ఒట్టు."

డబ్బా తెరిస్తే, ముడుపు ఆ పిల్ల చేతికిస్తే, అక్కడే విప్పుతుంది. నేల మీద చింతగింజలు పడతాయి. రాజ్యలక్ష్మి గారు కప్పు పట్టుకుని చూస్తూ ఉంటుంది. ఇదంతా నాకు ఒక్క క్షణంలో కనిపించింది. అమ్మమ్మ కనిపించలేదు. ఆ పిల్ల ముఖం కూడా కనిపించలేదు. నేల మీద గింజలే కనిపించాయి.

అప్పుడు నా నోట్లోంచి ఆదివారం గొంతు వచ్చింది. ఆ బెల్లప్పాకం గొంతు.

"ముడుపు కట్టినాక అది మనది కాదమ్మా. స్వామిది. నీకు నేర్పాను కదా. స్వామి సొమ్ము విప్పితే ఇంటికి మంచిది కాదు." ఇక్కడ ఆగి ఉండొచ్చు. ఆగలేదు. "మీ అమ్మమ్మకే మంచిది కాదు."

మౌనిక నా వైపు చూసింది. తర్వాత పూజగది వైపు చూసింది. గబగబా చెంపలేసుకుంది, స్వామికి. "అట్లయితే వద్దు ఆంటీ" అంది. వెళ్లిపోయింది.

"ఎంత చక్కగా చెప్పారండీ," అంది రాజ్యలక్ష్మి గారు. "మాకైతే ఆ ఓపిక ఉండదండీ. చూశారా, పిల్ల ఇట్టే అర్థం చేసుకుంది." నేను ఇంకో కప్పు కాఫీ కావాలా అని అడిగాను.

మీరు అడగబోయేది నాకు తెలుసు. నేను కూడా నన్ను అదే అడుగుతూ వచ్చాను. ముడుపు సంగతి సరే, నీ పర్సులో డబ్బు లేదా? ఉంది. సోఫా పక్కనే ఉంది పర్సు. ఒక మనిషి జీపు కిరాయి దాంట్లో ఉంది, ఇంకా మిగిలేది కూడా. ఇది తీసుకెళ్లమ్మా, ముడుపు అట్లాగే ఉంచుదాం, అంటే సరిపోయేది. ఎందుకు అనలేదు? భయంతో బుర్ర పనిచేయలేదని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే నిజం. మిగతా సగం చెబుతాను. రాజ్యలక్ష్మి గారు మెచ్చుకున్నాక ఆ మెప్పు నాకు రుచిగా ఉంది. పాఠం చెప్పి పిల్లని పంపించినామె వెంటనే పర్సు తీస్తే పాఠం పాడవుతుంది కదా. ఇంకొకటి కూడా ఉంది, అది మరీ రోత. ఆ రోజుల్లో మా ఇళ్లల్లో ఎప్పుడూ ఒకటే మాట, మనల్ని పొమ్మంటున్నారు, ఇన్నాళ్లు ఇక్కడ బతికితే ఇప్పుడు పొమ్మంటున్నారు అని. గేటు దగ్గర కిష్టయ్య ఉద్యమం పాటలు పెట్టుకుని వినేవాడు. నాతో ఒక్క మాట తేడాగా అన్నవాడు కాదు. అయినా నాలో ఎక్కడో ఒక చిన్న కసి ఉండేది. సమ్మె మీదే కదా, మీ సమ్మె వల్లే కదా జీపువాడు అంత అడుగుతున్నాడు, అనుకున్నాను. పన్నెండేళ్లు నిండని పిల్ల మీద.

రాజ్యలక్ష్మి గారు వెళ్లాక కూడా సమయం ఉంది, జీపు నిండేదాకా కదలదు కదా. కుక్కర్ దించి కిందికి వెళదాం అనుకున్నాను. పప్పుకి తిరగమోత పెట్టి వెళదాం అనుకున్నాను. తిరగమోతలో కరివేపాకు చిటపటలాడుతుండగా కింద జీపు స్టార్టు చేసిన చప్పుడు వినిపించింది. బాల్కనీలోకి వెళ్లి చూశాను. జీపు వెనక మనుషులు కిక్కిరిసి ఉన్నారు. గేటు దగ్గర మౌనిక ఒక్కతే నిలబడి ఉంది. పక్క బ్లాకులో ఇస్త్రీ చేసే ఆమె దాని భుజం మీద చెయ్యి వేసి తీసుకెళ్లింది.

మరునాడు ఆ పిల్లకి పెరుగన్నం పంపాను. ఆవకాయ ముక్క కూడా వేసి. ఏదో దానం చేసినట్టు మనసు కొంచెం కుదుటపడింది.

మా జేజి గురించి ఒక సంగతి ఇందాక దాచాను. దాచడం నాకు అలవాటైపోయింది. మా చిన్నప్పుడు పక్కింటామెకి కాన్పు కష్టమై కడప ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వస్తే, మా జేజి తన ముడుపు విప్పి ఇచ్చేసింది. స్వామి కోప్పడడా అని నేను అడిగాను. "స్వామి దగ్గర చేబదులు తీసుకున్యామే. ఆయనకేం తొందర?" అంది. నాకు ఇది తెలుసు. ముడుపు విప్పొచ్చని తెలిసే, విప్పితే అమ్మమ్మకి మంచిది కాదని ఆ పిల్లకి చెప్పాను. పాఠంలో సగమే నేర్పాను. రెండో సగం నాకోసం అట్టే పెట్టుకున్నాను.

అమ్మమ్మ పోయింది. వాళ్లు వెళ్లిన మరునాడు. కర్మ అయ్యాక తిరిగొచ్చినప్పుడు యాదమ్మ మెట్లు ఊడుస్తూ నాతో చెప్పింది. ముసలామె చివరిదాకా పిల్ల ఏది, మౌనిక ఏది, అని అడిగిందట. వస్తుంది, వెనక జీపులో వస్తుంది, అని చెబుతూ కూర్చున్నారట. యాదమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని మళ్లీ ఊడవడం మొదలుపెట్టింది. నేను ప్చ్ అన్నాను.

ఇక చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. అన్నిటికంటే కష్టమైంది ఇదే.

దసరా అయ్యాక ఒక పొద్దున్న మౌనిక మా ఇంటికి వచ్చింది. తలంటి పోసుకుని, శుభ్రమైన గౌను వేసుకుని వచ్చింది. పిడికిట్లో ఏదో ఉంది. ముడుపు పైసలు అడిగిన కదా ఆంటీ, తప్పయింది, అంది. అమ్మకి చెబితే, స్వామికి తప్పు కట్టి రమ్మందట. తప్పు కట్టడమంటే వాళ్లలో జరిమానా కట్టడం. పిడికిలి విప్పింది. ఐదు రూపాయల బిళ్ల. ఇస్త్రీ బట్టలు ఎన్ని మెట్లు మోస్తే వచ్చిందో.

"నేను అడిగిన వల్లనే కద అమ్మమ్మ పోయింది," అంది. ఏడవలేదు. తెలిసిన విషయం చెప్పినట్టు చెప్పింది.

కాదు అని ఒక్క మాట. కాదమ్మా, నీ వల్ల కాదు. అంతే కదా అనాల్సింది? ముడుపు సంగతి దాచుకునే ఆ మాట అనొచ్చు. నాకు నష్టం కూడా లేదు. నోరు తెరిచాను. కాదంటే, మరి ఆ రోజు మీరే అట్లా అన్నారు కదా అంటుందేమో అనిపించింది. నోరు మూసుకున్నాను. డబ్బా తెచ్చి మూత తీసి పట్టుకున్నాను. మౌనిక బిళ్ల లోపల వేసింది. ముడుపులన్నీ నిండుగా, వరసగా ఉన్నాయి. తన ముడుపు గుర్తుపట్టి, దాని మీద వేలు ఆనించి, ఆ వేలు కళ్లకద్దుకుంది. తర్వాత రెండు చేతులూ జోడించి దండం పెట్టింది.

చింతగింజలకి. నా ఎదురుగా నిలబడి, నా చేతుల్లో ఉన్న చింతగింజలకి.

బొట్టు పెట్టి పంపాను.

ఎండాకాలంలో ప్లాటు అమ్ముడుపోయింది. ముడుపుల్లో గింజలు తీసి నోట్లు పెట్టాను, ఉన్నదానికి రెండింతలు, ఆ ఐదు రూపాయల బిళ్లతో సహా. తిరుమల వెళ్లి హుండీలో వేశాను. వేసి బయటికొచ్చాక ఒళ్లు తేలికైంది. నిజంగా తేలికైంది, ఆకలి వేసింది, ఉప్మా తిన్నాను. లడ్డూలు తెచ్చి పిల్లలందరికీ పంచాను. మౌనికకి రెండు ఇచ్చాను. స్వామికి నేను బాకీ లేను, లెక్క సరిపోయింది, అనుకున్నాను. స్వామికి నేను ఎప్పుడు బాకీ ఉన్నాను? ఆయన నన్ను ఏమడిగాడు? నేను బాకీ ఉన్నది సెల్లార్ గదిలో ఉంది. అక్కడికి నేను ఎప్పుడూ దిగలేదు. ఆ తర్వాత కిష్టయ్య నార్సింగిలో వేరే చోట పనికి కుదిరి కుటుంబంతో వెళ్లిపోయాడు. హమ్మయ్య అనుకున్నాను. అవును, ఆ మాటే అనుకున్నాను.

రాయి మీద మా పేర్లు పై వరసలోనే ఉన్నాయి. అక్షరాలకి బంగారు రంగు వేశారు. ఏటా వినాయక చవితికి మళ్లీ వేస్తారు.

ఈ మధ్య ఒక ఆదివారం గుడి దగ్గర ఒకమ్మాయి ఆంటీ అని పిలిచింది. గుర్తుపట్టలేదు. మెడలో ఆఫీసు కార్డు, పక్కన చిన్న పాప. నవ్వితే గుర్తొచ్చింది. మౌనిక. చదువుకుంది, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఏదో ఆఫీసులో పనిచేస్తోందట, ఖాజాగూడలో కిరాయికి ఉంటున్నారట. పాప డిబ్బీ నిండిందట. పగలగొట్టి మొదటి ముడుపు ఇక్కడే కట్టించాలని తీసుకొచ్చిందట. తనకి నేర్పింది ఇక్కడే కదా అని. పాపని రాయి దగ్గరికి తీసుకెళ్లి నా పేరు మీద వేలు పెట్టి చూపించింది. "గీ ఆంటీనే బిడ్డా, అమ్మకు నేర్పింది" అంది.

గుడి అరుగు మీద కూర్చుని పాప చేత ముడుపు కట్టించింది. పసుపు గుడ్డ. నేను పక్కనే నిలబడ్డాను. పాప ముడి మీద ముడి వేస్తూ తలెత్తి అడిగింది.

"అమ్మా, మల్ల ఇప్పితే ఏమైతది?"

"ఇప్పొద్దు. ఇప్పాలని మనసుల గూడ అనుకోవద్దు. మనోళ్లు సచ్చిపోతరు."

మామూలుగానే అంది. చలిలో తిరగకు జలుబు చేస్తుంది అన్నట్టు. పాప చేతులు ముడి మీద ఆగిపోయాయి. కళ్లు పెద్దవి చేసి ఆ గుడ్డ వైపు చూస్తోంది. ఆ వయసులో మౌనికకి కూడా ఆ భయం లేదు. నేనిచ్చిన భయం అది.

నేను కిందికి వంగాను. మోకాళ్లు నొప్పి పుట్టాయి. "ఏం కాదమ్మా," అన్నాను పాపతో. "ఎవరికైనా అవసరం వస్తే విప్పొచ్చు. మళ్లీ కట్టొచ్చు. స్వామికేం తొందర లేదు. ఎవరూ చచ్చిపోరు." నా గొంతు తియ్యగా లేదు. బొంగురుగా, ముసలిదానిలా ఉంది. ఇన్నేళ్లలో నేను చెప్పిన ఒకే ఒక్క నిజం పాఠం అది.

మౌనిక పెద్దగా నవ్వింది. పాప బుగ్గ గిల్లింది. "ఆంటీ నీకు పరీక్ష పెడుతుంది బిడ్డా. ఇప్పుతవో లేదో చూస్తుంది. ఇప్పనని చెప్పు."

"ఇప్పను," అంది పాప.

మౌనిక నా కాళ్లకి దండం పెట్టింది. పాప చేత కూడా పెట్టించింది. నేను ఆశీర్వదించాను. చెయ్యి దానంతటదే లేచింది, అలవాటు కొద్దీ. వాళ్లు బండి మీద వెళ్లిపోయారు. పాప ముడుపుని గుండెకి అదుముకుని కూర్చుంది.

ఆ రోజు వెంటపడి చెప్పి ఉండొచ్చు. ఫోన్ నంబర్ ఇచ్చింది, ఇప్పుడు కూడా చేయొచ్చు. చేస్తానో లేదో నాకే నమ్మకం లేదు, అందుకని మీకు మాట ఇవ్వను. మాట ఇచ్చి పై వరసలో పేరు చెక్కించుకునే రకాన్ని నేను. ఆమెకి చెప్పాల్సింది ముందు మీకు చెబుతున్నాను, నోరు తిరుగుతుందో లేదో చూసుకోవడానికి.

మౌనికా, నువ్వు అడగడం తప్పు కాదు. అడిగిన రోజు డబ్బాలో నీ పైసలు లేవు. నీ ముడుపు విప్పింది నేను. నువ్వు దండం పెట్టింది చింతగింజలకి. మీ అమ్మమ్మ నీ వల్ల పోలేదు, నిన్ను చూడకుండా పోయింది మాత్రం నా వల్ల.

రాశాను. రోత అట్లాగే ఉంది, ఎక్కడికీ పోలేదు. కానీ బీరువా జరిపాను. ఎలుక ఎక్కడుందో ఇప్పుడు మీకూ తెలుసు.